పిండిబాట

నాంచారి గడప పక్కనున్న గిన్నెలో అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టింది. తెల్లటి ద్రవం రాయిలా ఎదురుతిరిగింది. తర్వాత వేలు మెల్లగా ఆనిస్తే, మీగడలోకి దిగినట్టు దిగిపోయింది. బాట నుంచి తెచ్చిన ఆ పిండి పాకం బాగానే ఉంది. గిన్నె తట్టకుండా ఆ ఊళ్లో ఎవరూ గడప దాటరు.

నీటి డబ్బా వీపుకు తగిలించుకుని, మెట్టు మీదే కాళ్లాడించి, పిండిబాట మీదికి దూకింది.

సముద్రం మింగగా మిగిలిన లంకల మధ్య ఆ బాట ఒక్కటే దారి. పరిగెత్తేవాళ్ల కాలికింద అది నేల. నిలబడితే లోపలికి తీసుకుంటుంది. ఎండకు చిక్కబడిన చోట నీళ్లు చల్లడం బాటకాపరిగా నాంచారి పని. అదీ పరుగులోనే.

"ఏమే నాంచారీ, మీ అమ్మ మోకాళ్లెట్టా ఉన్నాయి?" చేపల బుట్టతో ఎదురొచ్చిన ఏసురత్నం ఆమెను దాటిపోతూ అడిగాడు.

"కాస్త నయం బాబాయ్!" అంది వెనక్కి తిరగకుండానే.

"అయితే రేపట్నించి నాతో పందెం పెట్టుకోమను!"

నాంచారికి నవ్వాగలేదు. బాట మీద ఎవరి నవ్వూ ఎవరికీ కనబడదు. ఆ నవ్వు చూద్దామని ఏసురత్నం వెనక్కి తిరిగాడు. తిరగడానికి పట్టిన క్షణంలోనే తొడల దాకా దిగిపోయాడు.

దిగబడినవాళ్లను లాగడానికి గట్టు మీద పెట్టిన యంత్రపు కొక్కెం వంగి, అతని భుజాలను పట్టి ఒక్క గుంజు గుంజింది. బాట బిగుసుకుంది.

"కాలు ఊడొస్తందే తల్లీ!"

పోయినేడు ముత్యాలును ఇలాగే గుంజితే ఒంటికాలితోనే బయటపడింది. నాంచారి అతని చుట్టూ పరిగెత్తసాగింది. చిన్నప్పుడు వంటింట్లో ఇలాంటి పిండిలోంచి గరిటె విసురుగా లాగితే గిన్నె మొత్తం లేచొచ్చేది. "నెమ్మదిగా లాగవే పిచ్చిదానా" అనేది అమ్మ. గిన్నెను చెల్లెలు బాదుతుంటే మాత్రం ఎంత నెమ్మదిగా లాగినా వచ్చేది కాదు.

చుట్టూ వందల కాళ్లు బాటను బాదుతున్నాయి.

ఆమె కొక్కెం పట్టు ఊడదీసింది. అక్కడే నిలబడింది.

"ఆగండి!"

"ఏం మాటే అది?" పాలక్యాన్లు మోసుకొస్తున్న సామ్రాజ్యం నిలుచున్నచోటే కాళ్లాడిస్తూ గద్దించింది. "ఆగితే పోతాం!"

"మన అడుగుల దెబ్బకే బిగుసుకుంటోంది అత్తా. నేను ఆగాను, చూడు."

తెలుపు నాంచారి పిక్కలు దాటింది. సామ్రాజ్యం ఆమెను చూసింది, ఏసురత్నాన్ని చూసింది. కళ్లు గట్టిగా మూసుకుని ఆగింది. ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక మరొకరు. పుట్టినప్పటినుంచీ చెవుల్లో మోగే దడదడ ఆ చుట్టుపక్కల సద్దుమణిగింది.

"తన్నుకోకు బాబాయ్. నిద్రపోయినట్టుండు."

అతని కాలు వదులైంది. ఒళ్లు నడుము దాకా జారింది. నాంచారీ జారుతోంది.

మడమకు ఏదో తగిలింది. గరుకుగా, గట్టిగా. తొక్కింది. అది దిగలేదు.

"బాబాయ్, నీ కాలికేమన్నా..."

"నేలే!" అన్నాడు ఏసురత్నం.

"నిలవకండి. బాట మీద నిలవకండి" అని గట్టు మీది మైకు అరిచింది. ఎవరూ కదల్లేదు.

"నడుంలోతు," అంది సామ్రాజ్యం, చేతులు తెలుపు మీద ఆనించి. "ఈ నడుంలోతుకా మా అమ్మ గుండె పగిలేదాకా పరిగెత్తింది?"

ఏసురత్నం నాంచారి ముఖంలోకి తీరిగ్గా చూశాడు.

"ఇప్పుడు నవ్వవే, చూస్తా."

ఆమెకు నవ్వు రాలేదు. మైకు అరుస్తూనే ఉంది. అవతలి లంక వైపు అడుగుల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోతోంది.