అమ్ములు కళ్లెందుకు ఎర్రబడ్డాయి

ఖిదిర్‌పూర్ ఓడరేవు వెనక సందులో కుళాయి నీళ్లు ఉదయం ఆరింటికి వస్తాయి, ఏడింటికి పోతాయి. ఆ గంటలోనే సందులో ఆడవాళ్లకి స్నానాలు, బట్టలు, ఊరి కబుర్లు అన్నీ అయిపోవాలి. అప్పలలక్ష్మి రెండో బిందె ఇంట్లో దింపి, గుమ్మం పక్కన తులసి కుండీలో చెంబెడు నీళ్లు పోసి దండం పెట్టుకుంది.

కుండీ కింద ఇనప స్టాండు ఉంది. మూడు నెలల కిందట కూతురు అమ్ములు దాన్ని వ్యవసాయం నేర్పే కృషి సెంటరు నుంచి మోసుకొచ్చింది. “మా సెంటర్లో చేసిందే నాన్నా” అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచీ ఆమె తండ్రి గవరయ్యకి అదొక పిచ్చి. డ్యూటీ దిగి ఇంటికి రాగానే దాని పక్కన పీట వేసుకుని, మరమరాలు నములుతూ, టీ తాగుతూ, అతుకుల మీద వేలు పెట్టి తడుముతాడు.

“ఎవుడు సేసినాడో గానీ పనోడే. సూడండి, అతుకు సేప పొలుసులాగ ఎలగొచ్చిందో!” అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపిస్తాడు.

గవరయ్య ఒకప్పుడు ఓడల రిపేరులో పేరున్న వెల్డరు. పదేళ్ల కిందట ఎడమ కంటి చూపు పోయింది. ఆ పని వదిలేసి గోడౌను గేటు దగ్గర రాత్రి కాపలాకి కుదిరాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో వెల్డింగు మాట ఎత్తితే చాలు, కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. అలాంటి మనిషి ఆ స్టాండు దగ్గర మాత్రం అన్నీ మరిచిపోయి కూర్చుంటాడు. అప్పలలక్ష్మి కూడా పోనీలే అని ఊరుకునేది.

ఆ ఉదయం అమ్ములు లేచి వచ్చింది. పిల్ల కళ్లు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి. రెప్పలు వాచిపోయాయి. నీళ్లు ధారగా కారుతున్నాయి. ఈ నెలలో ఇది మూడోసారి.

“ఏటే, కళ్లేటి అలగున్నాయి?”

“నిద్దర్లేదమ్మా.”

“మొన్న దుమ్మన్నావు. అటుమొన్న జలుబన్నావు.”

అమ్ములు మొహం కడుక్కోవడానికి వెళ్లింది. పంతొమ్మిదేళ్ల పిల్ల వారానికోసారి కళ్లు వాచేలా ఏడుస్తోందంటే దానికి కారణం ఏముంటుంది? అప్పలలక్ష్మికి తెలిసిన కారణం ఒక్కటే. ఆ కారణానికి మీసాలుంటాయి.

గబగబా లోపలికి వెళ్లి కూతురి పక్క దులిపింది. దిండు కింద చేతిరుమాలులో చుట్టి ఏవో ఉన్నాయి. విప్పి చూసింది. గుండ్రంగా, నల్లగా, ఎండిపోయి ముడతలు పడ్డ బిళ్లలు. నాలుగు!

వాటిని కొంగులో దాచుకుని పక్కింటి మహాలక్ష్మమ్మ దగ్గరికి పరిగెత్తింది. సందులో ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందు మహాలక్ష్మమ్మ చూడాలి, ఆ తరవాతే డాక్టరు. ఆవిడ ఒక బిళ్లని వాసన చూసి, గడపవతలకి విసిరేసి, గుండెలు బాదుకుంది.

“ఓలమ్మో! చిల్లంగే లచ్చిమీ! ఎవుడో నీ గుంటకి మందెట్టేసినాడు. ఇయ్యేల్టి రైలుకే దీన్ని పలాస ఎక్కించీ. మీ అన్న ఇంటికాడ ఉంచి, బేగి ఓ సంబంధం సూసీ!”

అప్పలలక్ష్మి మిగతా మూడూ మళ్లీ కొంగున ముడేసుకుంది. ఇంటికి తిరిగొచ్చేసరికి మంచం మీద అమ్ములు ఫోను మోగుతోంది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల మగగొంతు, బెంగాలీ. “నేను, తాపస్‌దా. ఈరోజు పన్నెండింటికల్లా ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చావా సరే. లేదంటే ఇక నీకూ నాకూ మాటల్లేవు.” ఫోను పెట్టేశాడు.

ఇంకేం కావాలి? పేరు దొరికింది, గొంతు దొరికింది. తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ వచ్చిన కూతుర్ని లోపలికి లాగి తలుపు గడియ పెట్టింది.

“ఎవుడే ఆ తాపస్‌దా?”

అమ్ములు తువ్వాలు దించింది. “మా సెంటర్లో... నేర్పుతారమ్మా.”

“ఏటి నేర్పుతాడు? ఏడవడం నేర్పుతన్నాడా? మొక్కల పని నేర్సుకుంటానన్నావని పంపినాను. వంకాయలు, పాలకూరా తెస్తంటే నా కూతురంత బుద్ధిమంతురాలు నేదని సందంతా సెప్పుకున్నాను. నా కళ్లల్లో కారం కొట్టేవు గదే! ఈ సెయ్యేటి? సెయ్యి సూపించు!”

పొడుగు చేతుల చొక్కా పైకి లాగింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చిన్న చిన్న కాలిన మచ్చలు.

“ఓరి భగమంతుడా, కాల్సినాడు! నిన్ను కాల్సినాడే!”

“అమ్మా, అరవకు. ఎవరూ ఏమీ చెయ్యలేదు.”

అప్పుడే తలుపు చప్పుడయింది. రాత్రి డ్యూటీ దిగి గవరయ్య వచ్చాడు. గడియ తియ్యగానే భార్య అతని మీద పడి ఏడుస్తూ ఉన్నవీ ఊహించుకున్నవీ కలిపి చెప్పేసింది. గవరయ్య చేతికర్ర మూలన పెట్టి కూతురి దగ్గరికొచ్చాడు. గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వెలుగులోకి తిప్పాడు. వెలుగు తగలగానే పిల్ల చటుక్కున కళ్లు మూసుకుంది. కాలిన మచ్చల మీద బొటనవేలితో రాశాడు. జుట్టు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

“ఎన్నో నంబరు అద్దం?” అని అడిగాడు.

అప్పలలక్ష్మి నోరు తెరుచుకుని మొగుణ్ణి చూసింది. కూతురు చెడిపోయిందని చెబుతుంటే ఈ మనిషి అద్దాల నంబరు అడుగుతాడేంటి? మతి గానీ పోయిందా?

అమ్ములు తల వంచుకుంది. “పదకొండు నాన్నా. కానీ... పగిలుంది.”

గవరయ్య మంచం కిందికి వంగి ఇనప్పెట్టె బయటికి లాగాడు. బట్టలు, కాయితాలు తీసి విసిరేశాడు. అడుగున ఏమీ లేదు. వెనక్కి తిరిగాడు. “నా వెల్డింగు మాస్కు!”

“నీ మాస్కేటి? గంగలో పారేసినానని నా నెత్తి మీద సెయ్యెట్టి సెప్పినావు గదా మావా!” అంది అప్పలలక్ష్మి. పొద్దున్నుంచీ ఆమెకి తగిలిన దెబ్బల్లో ఇది మూడోదో నాలుగోదో. మొగుడు పదేళ్లుగా ఒక అబద్ధం పెట్టెలో దాచుకున్నాడు. కూతురు ఆ అబద్ధాన్నే దొంగిలించింది. ఈ ఇంట్లో ఏమీ తెలియనిది తనొక్కతే అన్నమాట.

“నువ్వు వెల్డింగు సేస్తన్నావా?” గవరయ్య కూతుర్ని అడిగాడు.

“చేస్తున్నాను నాన్నా.”

“కృషి ట్రైనింగన్నావు.”

“కృషి ట్రైనింగే. మొదట నాలుగు నెలలు మొక్కలు, ఎరువులు. తరవాత పంపుసెట్టు విప్పడం, బిగించడం. తరవాత పొలం దున్నే టిల్లరు రిపేరు. దుక్కి రోజున టిల్లరు పళ్లు విరిగితే రైతు ఎవరి కోసం కూర్చుంటాడు? అందుకే అతకడం కూడా నేర్పుతారు. నా చెయ్యి అక్కడ కుదిరింది. ట్రైనింగు గురించి నేను అబద్ధమేమీ చెప్పలేదు. కూరలేం తెచ్చావని అడిగారు గానీ ఏం నేర్చుకున్నావని మీరిద్దరూ ఒక్కనాడైనా అడిగారా?”

శ్రీకాకుళంలో పొలం వదిలేసి ఓడల్లోకి వచ్చాం, ఇదేమో ఓడల ఊళ్లో పుట్టి పొలం పని నేర్చుకుంటుందట అని గవరయ్యే నలుగురిలో నవ్వేవాడు.

“షిప్‌యార్డులో అప్రెంటిసు పరీక్ష ఉంది నాన్నా, వచ్చే సోమవారం. మా సెంటరు నుంచి ముగ్గుర్ని పంపుతున్నారు. అందులో నేనొకదాన్ని.”

“ఓడకా!” గవరయ్య మంచం పట్టె మీద కూర్చున్నాడు. “అన్నీ పోయి మళ్లీ ఓడకేనా? ఆ నిప్పు నా కన్ను తినీసింది. నీయి రెండూ తింటాది. నువ్వు ఎల్లడానికి నేదు. ఇదే ఆఖరు మాట.”

“నిప్పు తినలేదు నాన్నా. పగిలిన అద్దం తింది. తాపస్‌దా వెల్డింగు మొదలెట్టిన నెలంతా మమ్మల్ని రాడ్డు ముట్టుకోనివ్వలేదు. అద్దం, గ్లౌజులు, పొగ, గాలి, అవే నేర్పారు. నీకు కాంట్రాక్టరు రాడ్డు చేతికిచ్చి ఓడ అడుక్కి దింపేశాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు.”

“అన్నీ తెలిసినదానివి నా పగిలిన అద్దమెందుకు పట్టుకున్నావే, పిచ్చి గుంటా!”

అమ్ములు అప్పుడు ఏడ్చింది. నెలరోజుల నుంచి తల్లి వెతుకుతున్న ఏడుపు ఇప్పుడొచ్చింది.

“పరీక్ష దగ్గరికొస్తోందంటే భయమేసింది నాన్నా. పెద్ద ప్లేటు అతికేటప్పుడు చెయ్యి వణుకుతోంది. నీ మాస్కు పట్టుకునే పిడి నీ వేళ్లకి అరిగిపోయి ఉంది. ఆ గుంటల్లో నా వేళ్లు పెట్టుకుంటే వణుకు ఆగుతుంది. తప్పే. మూడుసార్లే పట్టుకున్నాను. నిన్న తాపస్‌దా చూసేశారు. లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఈ మాస్కు ఎవరిదో ఆయన్ని పన్నెండింటికల్లా తీసుకురా, లేదంటే నీ పేరు కొట్టేస్తానన్నారు. నిన్ను ఎలా పిలవను నాన్నా?”

గవరయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు. అలవాటు కొద్దీ తులసి పక్కన పీట మీద కూర్చున్నాడు. అప్పలలక్ష్మి కొంగులోంచి నల్లబిళ్లలు తీసింది. ఆమె గొంతులో ఇప్పుడు కేక లేదు.

“మరి ఇయ్యేటే?”

“ఆలూ ముక్కలమ్మా. రాత్రి కళ్ల మీద పెట్టుకున్నాను. చిన్నప్పుడు నువ్వే కదా నాన్నకి పెట్టేదానివి. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని.”

అప్పలలక్ష్మి తన అరచేతిలోని ముక్కల వైపు చూసింది. ఎన్నేళ్లు! పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన కన్ను పోయేదాకా, మంటతో గిలగిల్లాడుతుంటే బంగాళాదుంపలు చక్రాలుగా తరిగి ఆ కళ్ల మీద పెట్టిన చేతులివే. అవే ఎర్ర కళ్లు, అవే నీళ్లు, అవే ముక్కలు ఇంట్లో మళ్లీ కనబడితే తను ఏమనుకుంది? ప్రేమ అనుకుంది, చిల్లంగి అనుకుంది. మగవాడి కళ్లు ఎర్రబడితే పని, ఆడపిల్ల కళ్లు ఎర్రబడితే పాపం! కన్నతల్లినై ఉండి అంత మాట ఎలా అన్నాను అని చెంపలు వాయించుకుంది.

“అమ్మా, ఊరుకో.”

“ఉండవే. ఒక్క మాట సెప్పు. ఆ తులసి టేండు సెంటర్లో సేసినారన్నావు. ఎవులు సేసినారు?”

అమ్ములు గుమ్మం వైపు చూసి మెల్లగా అంది. “నేనే.”

బయట గవరయ్య వేలు అతుకు మీద ఆగిపోయింది. మూడు నెలలుగా సందులో ఎవణ్ణీ వదలకుండా పిలిచి చూపించిన అతుకు అది. అతను దాని మీద వేలు మళ్లీ మొదటినుంచి చివరిదాకా నడిపించాడు. ఒక పొలుసు కూడా తప్పలేదు. చూపున్న కన్నూ లేని కన్నూ రెండూ తడిశాయి.

అప్పలలక్ష్మి వచ్చి ఎదురుగా నిలబడింది. “పనోడే అన్నావు గదా మావా. ఇప్పుడు కాదను, సూద్దుం.”

గవరయ్య పీట మీంచి లేచి “లచ్చిమీ, సొక్కా తే” అన్నాడు.

ఆమ్‌తలా ఊరు దాటాక ముగ్గురూ కృషి సెంటరు ముందు బస్సు దిగేసరికి పదకొండున్నర. తాపస్‌దాని చూసి అప్పలలక్ష్మి నాలిక్కరుచుకుంది. అరవై దాటిన మనిషి, తెల్లటి గడ్డం, ముక్కు చివర కళ్లజోడు. ఆయన గవరయ్య చెయ్యి పట్టుకుని, “దాదా, దీని పనిలో వంక లేదు. కానీ కళ్లు కాపాడుకోని వాళ్లని నేను ఓడ ఎక్కించను. ఇంటివాళ్లు చెబితేనే వింటుందని పిలిపించాను” అన్నాడు. బీరువా తెరిచి పాత మాస్కు బల్లమీద పెట్టాడు.

గవరయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పగిలిన అద్దం ఊడదీసి చెత్తబుట్టలో వేశాడు. తాపస్‌దాని అడిగి కొత్త అద్దం తీసుకుని, ముందు కుడికంటికి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూశాడు. సూర్యుడు చిన్న పచ్చబిళ్లలా కనిపించాడు. సరే అన్నట్టు తలూపి, అద్దం బిగించి, నాలుగు వైపులా నొక్కి చూసి, పిడి కూతురి వైపు తిప్పి ఇచ్చాడు.

“నాలుగు రోజులాగి, కళ్లు తగ్గినాకే మళ్లీ పట్టు. ఇయ్యేల మాత్రం నా కోసం ఒక్క రాడ్డు కాల్సు. నాను ఇంటాను.”

చూస్తాననలేదు, వింటానన్నాడు. వెల్డింగు షెడ్డు వైపు వీపు పెట్టి నిలబడి, భార్య భుజం పట్టుకుని తన వైపుకే తిప్పుకున్నాడు. “అటు సూడకు.” వెనక చిటపట మొదలైంది. ముందు తడబడింది. “రాడ్డు దూరమైపోనాది. దగ్గరకి తే, దగ్గరకి,” అని గొణిగాడు. కాసేపటికి చప్పుడు ఒకే తీరుగా సాగింది, మూకుడులో చేప వేగుతున్నట్టు. అప్పలలక్ష్మికి ఇనుము గురించి ఏమీ తెలియదు గానీ, ఆ చప్పుడు కుదిరిన చప్పుడని తెలిసింది. గవరయ్య ఆమె భుజం గట్టిగా పట్టుకున్నాడు.

చప్పుడాగింది. అమ్ములు మాస్కు దించి పరిగెత్తుకొచ్చింది. తల్లి మొహం చూసి కంగారుపడిపోయింది.

“అమ్మా! కళ్లేంటి అలా ఎర్రబడ్డాయి? వద్దంటే మంట వైపు చూశావా?”

“నేదే తల్లీ,” అంది అప్పలలక్ష్మి, కొంగుతో కూతురి నుదుటి మీద మసి తుడుస్తూ. “ఇది ఏడుపే.”