పొగాకు చేల దారి

సెలారా కొండ కింద, ఎక్కేవాళ్ల పేర్లు రాసుకునే గదిలో సెనో తల ఎత్తాడు. పక్కనే వాళ్లమ్మ అన్నం పొట్లాలు కట్టే కొట్టు. ఎదురుగా కొత్త బూట్లు, కొత్త సంచి, కోపంగా ఒక అమ్మాయి. పేరు వెనింగ్. సెమరాంగ్ నగరంలో బట్టల ఫ్యాక్టరీలో పని.

“ఉత్తరం దారి రాయండి. శిఖరం దాకా.”

“ఇంతకుముందు ఏం ఎక్కారు?”

“మా ఫ్యాక్టరీ మెట్లు. మూడంతస్తులు. నాతో ఒకే వరసలో కుట్టే మా లైనువాళ్లు వచ్చే నెల ఈ కొండకే వస్తున్నారు. ‘నీకెందుకే, నిన్ను సగంలోంచి మోసుకు రావాలి’ అని నవ్వారు. నేను ఎక్కి తీరాలి.”

“ఎక్కండి. ఇవాళ మాత్రం పొగాకు చేల దారి. రెండో మజిలీ దాకానే. పన్నెండయితే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి.”

“చేలల్లో మేయడానికి నేనేమన్నా మేకనా?”

“మేకయితే నిట్టనిలువు ఉత్తరం దారే రాసేవాణ్ణి.”

ఆమె పెదవి బిగించింది. నవ్వు ఆపుకుందని సెనోకి తెలిసిపోయింది.

ఆ కొండ మీద ఒక అలవాటుంది. ఎంత దూరమని అడిగితే, దిగేవాళ్లంతా “దగ్గరే, ఐదు నిమిషాలు” అంటారు. ఎక్కేవాళ్ల ధైర్యం పోకూడదని.

పదకొండున్నరకి సెనో మంచినీళ్ల డబ్బా మోసుకుంటూ పైకి వెళ్తుంటే, వెనింగ్ రాయి మీద కూలబడి కనిపించింది.

“ఐదు నిమిషాలేనటగా? గంట నుంచి అందరూ అదే పాట.”

“రెండో మజిలీకి ఇంకా గంట పైనే.”

ఆమె ముఖం వాడిపోయింది. “మీకొక్కరికే అబద్ధం చెప్పడం రాదా?”

“అందరికీ చెప్తాను. మీకు చెప్పబుద్ధి కాలేదు.”

వెనింగ్ బూటు లేసు బిగించి కట్టుకుంది. తర్వాత లేచి కిందికి తిరిగింది.

“వచ్చే ఆదివారం వస్తా. ఆ పై ఆదివారం కూడా.”

వచ్చింది. రెండో ఆదివారం వానలో తడుస్తూ రెండో మజిలీ స్తంభాన్ని చేత్తో చరిచింది. ఆ తర్వాత మూడో మజిలీ. సెనో పక్కనే నడిచాడు. రమ్మని ఆమె అడగలేదు, ఎందుకని అతను చెప్పలేదు.

ఐదో ఆదివారం లైనువాళ్లంతా వచ్చి బస్సు దిగారు. వాళ్లకంటే ముందే వెనింగ్ పేర్ల పుస్తకం లాక్కుంది. ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలన్న గడిలో సెనో పేరు రాసింది.

“నేనూ పైకి వస్తున్నాగా,” అన్నాడు సెనో. “అక్కడ ఇంట్లోవాళ్ల పేరు రాయాలి.”

“ఇంట్లో మనిషి పేరే రాశాను. మీ అమ్మగారికి చెప్పేశాను కూడా.”

సెనో పుస్తకం మూసేశాడు. “ఏమంది?”

“ఇద్దరికీ కలిపి ఒకే పొట్లం కట్టింది. నడవండి.”

శిఖరం మీద ఆ పొట్లం విప్పేసరికి, లైనువాళ్లు ఇంకా మూడో మజిలీలో రొప్పుతున్నారు.