దేవదూతకు పెట్టిన ముద్దు

ఫిలోమెనా భయమంతా ఒక్కటే... కన్నకూతురు తన చేతుల్లోంచి పోయి, పరాయి భాషవాళ్ళ మధ్య "అమ్మా, దాహం!" అని అడిగినా అర్థమయ్యేవాళ్ళు లేక నోరెండి పోతుందేమోనని!

ఆ ఉదయం ఆమె పసిపిల్ల నున్సియాతా కాలు కదపలేకపోయింది. ఆ వేసవిలో, ఇటలీ నుంచి వాళ్ళు వలసొచ్చిన బ్రూక్లిన్‌లో పిల్లల కాళ్ళు చచ్చుబడేలా చేస్తున్న జ్వరమే! ఆరోగ్యశాఖ నర్సు ఇంటివాళ్ళెవరూ వీధిలోకి రాకూడదని తలుపుకు హెచ్చరిక కాగితం అంటించింది. ఆసుపత్రి బండి పాపను ఎక్కించుకుంది. తల్లిని మాత్రం ఎక్కనివ్వలేదు...

నర్సు ఇంకా కదల్లేదు. వచ్చీరాని ఇటాలియన్‌లో అడిగింది.

"పైఅంతస్తులో పోయిన పసివాడికి మీ పాప ముద్దు పెట్టిందా?"

"పెట్టదా మరి? తెల్లబట్టలేసి పడుకోబెడితే వాడు దేవదూతే కదమ్మా! ఈ మెట్ల పక్క ఇళ్ళ పిల్లలందరిచేతా పెట్టించాం."

"అయ్యో తల్లీ! ఆ జ్వరంతోనే పోయాడమ్మా వాడు! ఎవరెవరు పెట్టారో చెప్పు. ఇంకెవరికైనా ఒళ్ళు వెచ్చబడిందా?"

గుమ్మంలో నిలబడ్డ అస్సుంతా చెప్పొద్దన్నట్టు కళ్ళెర్రజేసింది. ఎదురింటి మనిషి, చర్చిలో బాప్తిస్మం నాడు నున్సియాతాను ఎత్తుకున్న జ్ఞానతల్లి. ఆమె కూతురు కొంచెత్తాకు రాత్రి నుంచి జ్వరమని ఫిలోమెనాకు తెలుసు. చెబితే తోబుట్టువులాంటి ఈ మనిషి దూరమవుతుంది... చెప్పకపోతే ఆ పిల్ల ఏమైపోతుందో!

"కొంచెత్తాకు..." అంటూనే భోరుమంది.

"నా బిడ్డను కూడా తోడిచ్చి పంపుతున్నావా, మహాతల్లీ! ఇక నా గడప తొక్కకు!" అస్సుంతా గుండెలు బాదుకుంది. కొంచెత్తానూ తీసుకుపోయారు.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. ఫిలోమెనా పాప తలగడలో ముఖం దాచుకుని ఆ జుట్టు వాసన వెతుక్కునేది. ఉతకడానికి చేతులు రాలేదు. అలవాటుగా చిన్న గిన్నెలో కూడా పాస్తా వడ్డించి, దాన్నే చూస్తూ కూర్చునేది... ఎవరు తినిపిస్తున్నారో! అసలు తింటోందో లేదో!

ఒక సాయంత్రం తలుపు తోసుకుని అస్సుంతా వచ్చింది. చేతిలో వేడి సూప్.

"పొయ్యి కూడా వెలిగించలేదేమే? ఎండిపోయి చద్దామనా?"

"వదినా... నన్ను క్షమించు!"

"నోర్మూసుకుని తాగు. ఇంకో పూట ఆగుంటే మా పిల్ల ఊపిరే ఆగేదట! నర్సమ్మ చెప్పింది." గిన్నె ఆమె చేతిలో పెట్టింది. "మా కొంచెత్తాకు బడిలో ఇక్కడివాళ్ళ మాటలు వచ్చాయిగా... నీ పిల్లకేం కావాలన్నా అదే అడిగి ఇప్పిస్తుంది. ఊరికే తోడెళ్ళిందనుకున్నావా?"

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలి వెక్కివెక్కి ఏడ్చారు!

ఆ ఇద్దరు తల్లుల మొర ఇప్పుడు ఒక్కటే: అమ్మా, బిడ్డల కోసం ఆ ఆసుపత్రికి వెళ్ళే తల్లులెవరైనా ఇది చదివితే... మా ఇద్దరు పిల్లల్నీ పక్కపక్క మంచాల్లో పడుకోబెట్టారో లేదో, ఒక్కసారి చూసి చెప్పరూ!