పాదాల కొలతలు

ఆ ఇంట్లో పొద్దున్నే మొదట వినిపించేది అలారం కాదు, అమ్మ మోకాలు. మంచం దిగగానే టక్కుమంటుంది. ఆ చప్పుడుకి నాన్న కళ్ళు తెరిచి, "లీడరుగారు లేచారు, జనం జాగ్రత్త!" అంటాడు. రోజూ అదే జోకు. రోజూ అమ్మ నవ్వుతుంది.

అమ్మ పనిచేసేది హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో. వేడి రోలర్ల మీంచి వచ్చే దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని మడతపెట్టాలి. ఎనిమిది గంటలూ నిలబడే. పొట్ట చేతపట్టుకుని ఈ దేశం వచ్చిన మన ఆడవాళ్ళు ముప్పై ఎనిమిది మంది అక్కడ ఇదే పని చేస్తారు. వాళ్ళందరికీ ఆమె పెద్దక్క. ఎవరి పిల్లకి జ్వరమొచ్చినా, ఎవరికి ఆఫీసు ఉత్తరం అర్థంకాకపోయినా ఫోను మోగేది ఈ ఇంట్లోనే.

ఆ రోజు కూతురు గుమ్మంలో చెప్పులేసుకుంటూ మరోసారి గుర్తుచేసింది.

"అమ్మా, ఇవాళ మేనేజరుతో మీటింగు..."

"తెలుసే. నువ్వెవరో నాకు తెలీదు. 'మీరు' అనాలి, 'మేడమ్' అనాలి. అంతేగా?"

"కాలేజీ రూలమ్మా. సొంతవాళ్ళయితే మార్కులు పోతాయి."

"మావాళ్ళందరికీ చెప్పి ఉంచాలే. పిల్ల పరీక్ష, ఎవరూ నోరు జారొద్దని."

అలాంటి రూలేదీ లేదు. కూతురు సోషల్ వర్క్ చదువుతోంది. రెండో ఏడాదిలో విద్యార్థుల్ని వలస వచ్చినవాళ్ళ సంఘాలకి నాలుగు నెలలు పంపుతారు. అక్కడ ముందుండి నడిపించేవాళ్ళకి తోడుగా ఉండాలి. వాళ్ళ బదులు మాట్లాడకూడదు, వాళ్ళ మాటని ఉన్నదున్నట్టు అవతలివాళ్ళకి చేర్చాలి. నిజానికి ఉన్న రూలు ఇదొక్కటే. మన భాష వచ్చు కదా అని కాలేజీ మేడమ్ ఆమెని ఏరికోరి లాండ్రీ ఆడవాళ్ళ సంఘానికే వేసింది. క్లాసులో మాత్రం పిల్ల ఎప్పుడో చెప్పేసింది, వాళ్ళమ్మ హోటల్ మేనేజ్‌మెంట్‌లో ఉందని. ఆ అబద్ధం కూలిపోకుండా ఇంకో అబద్ధం ఆసరా పెట్టింది. అందులోకి ముప్పై ఎనిమిది మందిని లాగింది.

సంఘం అడుగుతున్నది పెద్ద కోరికేం కాదు. కూర్చుని మడతపెట్టడానికి ఎత్తు స్టూళ్ళు. నోటిమాటగా అడిగితే నమ్మరని అమ్మే ఒక ఉపాయం చెప్పింది. పొద్దున పనెక్కేముందు ప్యాకింగ్ కాగితం మీద పాదం పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీత గీయడం, సాయంత్రం దిగాక అదే పాదం చుట్టూ ఎర్ర పెన్నుతో గీయడం. ప్రతి కాగితంలోనూ ఎర్రగీత వేలి మందం బయటికొచ్చింది. ముప్పై ఎనిమిది కాగితాలూ చుట్టచుట్టి "మేడమ్, మీ దగ్గరుంచండి" అని కూతురికి ఇచ్చింది.

మీటింగు గదిలో పొడుగాటి బల్ల. అటు మేనేజరు, ఇటు అమ్మా ఇంకో నలుగురు ఆడవాళ్ళూ. మూలన నోటుబుక్కుతో కాలేజీ మేడమ్. అమ్మ లేచి, యూనిఫాం ప్యాంటు మోకాలి దాకా మడిచి, నీలం నరాలు ఉబ్బిన కాలు చూపించింది.

"పదకొండేళ్ళుగా ఈ కాళ్ళ మీదే నిలబడ్డాను. ఈ కాళ్ళతోనే నా పిల్లని చదివించాను. సాయంత్రానికి ఇవి నావి కావు. కావాలంటే కొలతలు చూడండి. మేడమ్, ఆ కాగితాలు తీయండి."

కూతురికి చెవులు వేడెక్కాయి. పెద్దవాళ్ళ ముందు ఆ కాలేంటి, ఆ పాదాల బొమ్మలేంటి! మేనేజరు వైపు తిరిగి అతని భాషలో నెమ్మదిగా చెప్పింది. "ఉద్యోగం ఇచ్చినందుకు వీళ్ళు కృతజ్ఞులు. వీలైతే కొన్ని స్టూళ్ళు ఇప్పించమని కోరుతున్నారు."

"కాగితాలో?" అంది అమ్మ.

"తేవడం మర్చిపోయాను."

కాగితాల చుట్ట ఆమె సంచీలోంచి జానెడు పైకి కనబడుతూనే ఉంది. అమ్మ దాన్ని చూసింది. పక్కనున్న నలుగురూ చూశారు. ఒక్కరూ నోరు మెదపలేదు. పిల్ల పరీక్ష కదా.

"వచ్చే ఏడాది ఆలోచిద్దాం," అని మేనేజరు లేవబోయాడు. అప్పుడు అమ్మే అతని భాషలో తనకొచ్చిన నాలుగు ముక్కలూ కూడదీసుకుంది. "సార్. మళ్ళీ. వచ్చే వారం. కాగితం ఉంది." అతను ఒక్క క్షణం చూసి, సరేనని తలూపాడు.

సాయంత్రం వంటింట్లో తల్లీకూతుళ్ళు చెరోవైపు తిరిగి గిన్నెలు తుడుస్తున్నారు. నాన్న ఇద్దరి మొహాలూ చూసి, "ఏంటీ, ఇంట్లోనూ మేడమ్, మీరు అనుకుంటున్నారా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతను టీ గ్లాసు పట్టుకుని మెల్లగా అవతలికి వెళ్ళిపోయాడు.

"తిట్టమ్మా," అంది కూతురు.

"ఎందుకు తిట్టాలి?"

"కాగితాలు సంచీలోనే ఉన్నాయి. నువ్వు చెప్పింది నేను చెప్పలేదు. అసలు ఆ రూలు కూడా..."

"లేదని తెలుసు."

కూతురు చేతిలో పళ్ళెం ఆగిపోయింది.

"మొదటి వారమే మీ మేడమ్ నన్ను అడిగింది, మీ అమ్మాయేనా అని. కళ్ళు ఒకేలా ఉన్నాయంది. అయితే మంచిదే, సొంతవాళ్ళతో పనిచేసే పిల్లలు చాలామంది ఉన్నారంది. ఆ మాత్రం నాకర్థమవుతుంది."

"నువ్వేమన్నావు?"

"కాదన్నాను." అమ్మ గిన్నె తుడుస్తూనే ఉంది. "నువ్వు దాచుకున్నదాన్ని నేనెలా బయటపెడతానే? కన్నకూతుర్ని పట్టుకుని కాదన్నాను. దుప్పట్లు మడవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. ఆ మాట అన్నందుకు మాత్రం సిగ్గుపడ్డాను."

కూతురు అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. తల్లి పాదాలు సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. స్లిప్పర్ల పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో తిరిగే ఆ పాదాలని ఆమె చూసింది ఆ కాగితాల మీదే. అవీ దాచేసింది. తలెత్తి తల్లి మొహం చూడలేకపోయింది.

"లే. కూర తగలబడుతోంది," అంది అమ్మ.

మర్నాడు కూతురు కాలేజీకి వెళ్ళి మేడమ్‌కి అంతా చెప్పేసింది. ఆవిడ చివరిదాకా విని, "నాకు చెప్పడం తేలికే. ఆ గదిలో చెప్పగలవా?" అని మాత్రం అంది.

వారం తిరిగింది. అదే గది, అదే బల్ల. ఈసారి కూతురే ముందుగా కాగితాలన్నీ విప్పి బల్ల నిండా పరిచింది. చోటు చాలక కొన్నింటిని ఆడవాళ్ళు చేతుల్లో పట్టుకున్నారు. మేనేజరు కళ్ళజోడు పెట్టుకుని పెన్సిల్ గీతకీ ఎర్రగీతకీ మధ్య వేలు పెట్టి చూశాడు. ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి వెళ్తూ చాలాసేపు చూశాడు.

అమ్మ లేచింది. మళ్ళీ ప్యాంటు మడిచి అవే మాటలు మొదలుపెట్టింది. పదకొండేళ్ళుగా నిలబడ్డానంది. కూతురు ఆ మాటే చెప్పింది. ఒక్క ముక్క తగ్గించలేదు.

"ఈ కాళ్ళతోనే నా పిల్లని చదివించాను," అని ఆగింది అమ్మ. పక్కనున్న నలుగురూ బిగుసుకుపోయారు. "మీకు కష్టమైతే వదిలేయండి మేడమ్," అంది మెల్లగా.

కూతురు రెండు చేతులూ బల్లకి ఆనించి, మేనేజరు కళ్ళలోకి చూస్తూ అతని భాషలో చెప్పింది.

"ఈ కాళ్ళతోనే ఈవిడ తన పిల్లని చదివించింది. ఆ పిల్ల నేనే. ఈవిడ మా అమ్మ."

మేనేజరు ఆ కాలునీ ఈ పిల్లనీ మార్చి మార్చి చూసి, తన కుర్చీని బల్ల చుట్టూ తిప్పి తెచ్చి అమ్మ వెనక వేశాడు.

అమ్మ కూర్చోలేదు. "ముప్పై ఎనిమిది కావాలని చెప్పవే," అంది.