రాగి పూత తూటా

దమాస్ గురి తప్పలేదు. మీదికి దూసుకొస్తున్న ఏనుగుకి నుదుటి మీద, కొట్టాల్సిన చోటే కొట్టాడు. అయినా ఏనుగు ఆగలేదు.

రువాహా అడవిలో అతనంత అనుభవమున్న కాపలాదారు మరొకడు లేడు. ఏనుగు తొక్కగా మిగిలినదాన్ని దుప్పటిలో చుట్టి ఊరికి పంపారు. తోటి కాపలాదారులు ఆ ఏనుగుని వెంటాడి చంపారు.

దమాస్ తమ్ముడు ఫెస్టో మ్గిమ్వా అన్నని పూడ్చిపెట్టి నేరుగా ఆ కళేబరం దగ్గరికి వెళ్లాడు. గొడ్డలితో పుర్రె పగలగొట్టి గుండు బయటికి తీశాడు. అది నలిగిన పుట్టగొడుగులా ఉంది. ఎముకలో జానెడు కూడా దిగకుండానే చితికిపోయింది.

ఏనుగుకి వాడేది సాలిడ్. దాని గుండుకి స్టీలు తొడుగు, పైన రాగి. ఎంత ఎముకనైనా వంగకుండా చీల్చుకుపోతుంది. సింహానికీ చిరుతకీ వాడేది సాఫ్ట్. దాని ముక్కు వట్టి సీసం. తగలగానే విచ్చుకుని లోపలే ఆగిపోతుంది. దమాస్ తుపాకీలో ఉన్నవి సాఫ్ట్ తూటాలు. సీసం ముక్కు కనబడకుండా ఎవరో రాగి పూత పూసి, సాలిడ్ పెట్టెలో సర్ది ఇచ్చారు.

ఎవరిచ్చారో వదిన చెప్పింది.

"ఆ వేటదొరే. 'బాగా పనిచేస్తావు, ఇది నా బహుమానం' అని చేతిలో పెట్టాడు. మీ అన్నయ్య ఎంత మురిసిపోయాడనుకున్నావు!"

ఫెస్టో ఏడవలేదు. ఆ గుండుని జేబులో వేసుకుని దారెస్సలాం బస్సెక్కాడు. అతను ప్రభుత్వ గూఢచారి అని వదినకి కూడా తెలియదు.

రహస్య విభాగం చీఫ్ కపింగ జీడిపప్పు నములుతూ ఒక ఫోటో బల్ల మీదికి తోశాడు.

"రూడి స్టెగ్‌మన్. పైకి వేటగాడు. లోపల కోబాల్ట్ లోహం దొంగరవాణా చేసే ముఠా మనిషి. వాళ్ల విమానం అడవిలో దొంగతనంగా దిగడం మీ అన్న చూశాడు. నోరు తెరిచేలోపు ఏనుగు తొక్కేసింది. ఎంత శుభ్రమైన హత్యో చూడు."

"నన్ను పంపండి సార్."

"నువ్వు పగతో ఉన్నావు."

"ఉన్నాను."

"పగ పట్టినవాడికి చెయ్యి వణుకుతుంది."

ఫెస్టో బల్ల మీద చెయ్యి చాపాడు. కపింగ దాన్ని చాలాసేపు చూశాడు. వణకలేదు.

"కామ్రేడ్ మలూపె వస్తున్నాడు," అన్నాడు చివరికి. "దక్షిణాన ఇంకా తెల్లదొరలు వదలని దేశానికి ఆయనే దిక్కు. పైకి వేటకి. అసలు పని మన పెద్దలతో రహస్య చర్చలు. ఆయన దిగేది స్టెగ్‌మన్ క్యాంపులోనే. ఆయన గెలిస్తే కోబాల్ట్ గనులు చేజారతాయని, ఆయన్ని అక్కడే లేపెయ్యాలని ముఠా ప్లాను. ఎలాగో తెలీదు."

"ముందే వాణ్ణి అరెస్టు చెయ్యొచ్చుగా?"

"వాడి కాగితాలన్నీ అసలైనవే. ఆధారం లేకుండా పట్టుకుంటే సాయంత్రానికి వదిలెయ్యాలి. తర్వాత ఇంకొకణ్ణి పంపుతారు. వాడి మొహం మనకి తెలీదు. అందుకే చేస్తుండగా పట్టుకోవాలి. ప్రాణాలతో. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

"అర్థమైందన్నావు. సరేనన్లేదు."

కపింగ నిట్టూర్చి సొరుగులోంచి ఒక ఉంగరం తీసి ఇచ్చాడు. పైకి మామూలు ఇత్తడి ఉంగరం. రాయి ఉండాల్సిన చోట బలమైన అయస్కాంతం.

"స్టీలుంటే అంటుకుంటుంది, వట్టి సీసమైతే అంటుకోదు. ఇకమీదట ఎవడి పెట్టె మీద రాతా నమ్మకు."

వారం తిరక్కుండా క్యాంపులో తుపాకీ మోసేవాడొకడు కొత్తగా చేరాడు. మాసిన గడ్డం, చిరిగిన ఖాకీ నిక్కరు, కొంచెం కుంటి నడక. పేరు యోహానా.

స్టెగ్‌మన్ పక్కన ఎప్పుడూ ఒక అందగత్తె ఉండేది. లియొనోర్. ఎర్ర స్కార్ఫు, మెడలో కెమెరా. నడుస్తుంటే వంటవాళ్లు గరిటె తిప్పడం మర్చిపోయేవారు. మధ్యాహ్నం ఫెస్టో తుపాకీ తుడుస్తుంటే ఫోటో తీసే వంకతో దగ్గరికొచ్చింది.

"వానలు ముందే వచ్చేలా ఉన్నాయి."

"గొడుగు మా అత్త దగ్గర మర్చిపోయాను మేడమ్."

కోడ్ సరిపోయింది. కపింగ చెప్పిన లోపలి మనిషి ఈమే. ఆమె గొంతు తగ్గించింది.

"వాడు రేపు మలూపెతో అడవిదున్న వేటకి వెళ్తున్నాడు. ఒక్క సాఫ్ట్ తూటా కూడా పెట్టుకోలేదు. అన్నీ సాలిడ్లే. ఎందుకంటావు?"

"చుట్టూ మనుషులున్నప్పుడు దున్నకి మొదటి తూటా సాఫ్టే వేస్తారు. ఫోర్ ఫిఫ్టీ ఎయిట్ లాంటి పెద్ద రైఫిల్‌తో సాలిడ్ కొడితే దున్నలోంచి దూరి, అవతల నిలబడ్డవాణ్ణి కూడా..."

ఫెస్టో ఆగిపోయాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ప్రమాదం," అంది లియొనోర్ మెల్లగా. "ఏ కోర్టయినా అదే అంటుంది."

"రాగి పూత పూసినవి వాడి దగ్గర ఇంకా ఉన్నాయా?"

"ట్రంకు పెట్టె అడుగు అరలో."

"కావాలి."

సాయంత్రం ఆమె కెమెరా లెన్సు డబ్బాలో వాటిని తెచ్చింది. ఫెస్టో ఒక్కొక్కదాని ముక్కుకీ ఉంగరం ఆనించి చూశాడు. ఒక్కటీ అంటుకోలేదు.

"వాడి అన్నం తింటూ వాడికే గొయ్యి తవ్వుతున్నావు. ఎందుకు?"

"మా నాన్న కూడా ప్రమాదంలోనే పోయాడు," అంది లియొనోర్. "వాడే తీసుకెళ్లాడు వేటకి."

నిజమో అబద్ధమో ఫెస్టోకి తెలియలేదు. ఆ కళ్లలోంచి ఏదీ రాబట్టడానికి వీల్లేదు.

తెల్లవారి టీ తాగాక స్టెగ్‌మన్ పిలిచాడు.

"ఒరేయ్ యోహానా! తూటాలు పట్రా."

ఫెస్టో పూత పూసిన తూటాలే అరచేతిలో పెట్టి చాపాడు. స్టెగ్‌మన్ ఒకటి తీసి ఎండకి తిప్పి చూశాడు. తృప్తి పడలేదు. జేబులోంచి దిక్సూచి తీశాడు. స్టీలుంటే ముల్లు కదులుతుంది. లేకపోతే కదలదు.

లియొనోర్ స్టెగ్‌మన్ వెనక నిలబడి సిగరెట్ వెలిగించుకుంటోంది.

"ఇలా పట్టుకో, కుంటి వెధవా. సరిగ్గా!"

"చిత్తం బ్వానా." ఫెస్టో రెండో చెయ్యి దిక్సూచి కిందికి చేర్చి దాన్ని అదిమి పట్టాడు. ఉంగరం లోపలికి తిరిగి ఉంది. తూటా దగ్గరికి రాగానే వేళ్లు కాస్త జరిపాడు. ముల్లు గిర్రున తిరిగింది.

"శభాష్," అన్నాడు స్టెగ్‌మన్ తూటాతో. దాన్నీ ఇంకోదాన్నీ రెండు గొట్టాల్లోకి ఎక్కించాడు.

నది ఇసుకలో మొలిచిన రెల్లులో ఒక ముసలి దున్న పడుకుని ఉంది. స్టెగ్‌మన్ మలూపెనీ ఆయన అంగరక్షకుల్నీ అవతలి గట్టు మీద నిలబెట్టించాడు. "అక్కడైతే మీకు భయం లేదు కామ్రేడ్, హాయిగా చూడొచ్చు," అన్నాడు. తను ఇవతలి నుంచి నడిచాడు. రెండో తుపాకీతో ఫెస్టో వెనకే ఉన్నాడు. దాన్నిండా అసలు సాలిడ్లు.

దున్న లేచింది. తల ఊపి, అడ్డంగా నాలుగడుగులు వేసింది. స్టెగ్‌మన్ కాల్చలేదు. ఇంకా ముందుకి రానిచ్చాడు. దున్న భుజం వెనకాల, అవతలి గట్టు మీద మలూపె తెల్లచొక్కా వచ్చి చేరింది. అప్పుడు నొక్కాడు.

అడవంతా దద్దరిల్లింది. దున్న మోకాళ్ల మీదికి ఒరిగింది. తెల్లచొక్కా అలాగే నిలబడి ఉంది.

స్టెగ్‌మన్ మొహంలో రంగు మారింది. దున్న లేచి, ఎవడు కొట్టాడో వెతుక్కుని, వాడి మీదికే తిరిగింది. రెండో తూటా ఎదురుగా తల మీద పేల్చాడు. కొమ్ముల మొదట్లో దుమ్ము లేచింది. అంతే.

"రెండో తుపాకీ! యోహానా! ఇవ్వరా!" వెనక్కి చెయ్యి చాపాడు.

ఆ చేతిలోకి ఏమీ రాలేదు.

"నా పేరు యోహానా కాదు బ్వానా. దమాస్ మ్గిమ్వా తమ్ముణ్ణి."

స్టెగ్‌మన్ తల తిప్పాడు. ఆ ఒక్క క్షణం వాడి కళ్లలో చూసినదాన్ని ఫెస్టో ఎన్నటికీ ఎవరికీ చెప్పలేదు. దున్న వాణ్ణి ఎత్తి పడేసింది. కొమ్ము దించింది. కాలు విరిగిన చప్పుడు వినబడింది.

ఫెస్టో వేలు ట్రిగ్గర్ మీద ఉంది. ఇంకోసారి కుమ్మనిస్తే చాలు. చూస్తూ నిలబడాలని ఒళ్లంతా కోరుకుంది. కానీ చచ్చినవాడు పేర్లు చెప్పడు. ఆ విమానం ఎవరిదో, వాణ్ణి పంపిందెవరో చెప్పడు. వాడొక్కడు చస్తే పగ సగమే తీరుతుంది.

కాల్చాడు. సాలిడ్ దున్న మెడ ఎముకని తుంచుకుపోయింది. అది స్టెగ్‌మన్ కాళ్ల మీదే కూలబడింది.

మలూపె మనుషులు పరిగెత్తుకొచ్చేసరికి వాడు కింద పడి అరుస్తున్నాడు.

"నా తూటాలు మార్చేశారు! నేను పెట్టినవి సాలిడ్లు! అన్నీ సాలిడ్లే!"

మలూపె వంగి వాడి మొహంలోకి చూశాడు.

"మమ్మల్ని అవతల నిలబెట్టి, దున్నకి సాలిడ్ వేశావా? ఎందుకు నాయనా?"

స్టెగ్‌మన్ అరుపు ఆగిపోయింది. ఏం ఒప్పుకున్నాడో అప్పుడు అర్థమైంది వాడికి.

సాయంత్రానికి కపింగ విమానంలో దిగాడు. లియొనోర్ అప్పటికే జీపుతో సహా మాయమైంది. స్ట్రెచర్ మీద స్టెగ్‌మన్ పేర్లు చెబుతూనే ఉన్నాడు. నొప్పి మందు కావాలంటే ఇంకో పేరు చెప్పమంటున్నాడు పక్కనున్న ఆఫీసరు.

"ప్రాణాలతో తెమ్మన్నాను," అన్నాడు కపింగ, వాడి కాలు చూసి.

"ప్రాణం కాల్లో ఉండదు కదా సార్."

కపింగ నవ్వు దాచుకున్నాడు. "కసి తీరిందా?"

ఫెస్టో నది వైపు చూశాడు. "తీరలేదు. అన్నయ్య రాడుగా. ఆకలి మాత్రం వేస్తోంది సార్. పూడ్చిపెట్టాక ఇదే మొదటిసారి."

వంటవాడు మొక్కజొన్న పిండితో చేసిన ఉగాలీ ముద్దలు, కాల్చిన దున్న మాంసం తెచ్చి ముందు పెట్టాడు. కపింగ పెద్ద ముక్క ఒకటి ఏరుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"మెల్లగా నమలండి సార్," అన్నాడు ఫెస్టో. "అది భుజం ముక్క, లోపల సీసం ఉంటుంది. ప్రభుత్వం పళ్లు కట్టించదు."