బల్ల అంచున అయిదు నోట్లు

"వాన పడితే ఎలాగ? రోడ్డు జారుతుంది. అసలే మదర్స్ డే, రోడ్ల మీద కార్లన్నీ ఒక్కసారే దిగుతాయి. వాళ్ళిద్దరూ అంత దూరం నుంచి రావాలి. దారిలో ఏదన్నా అయితే?"

పొయ్యి దగ్గర నిలబడి, పెనం మీద మాంసం ముక్కలు తిరగేస్తూ వెర్నా తనలో తాను అనుకుంటున్నట్టే పైకి అంటోంది. కిటికీలోంచి ఎండ చెంప మీద పడుతున్నా ఆమెకి వాన భయం తగ్గలేదు.

"వాతావరణ శాఖ వారి హెచ్చరిక విన్నారు," అన్నాడు భర్త రాయిస్ పేపరు మడుస్తూ. "ఆకాశంలో మబ్బు తునక లేదే తల్లీ."

"ఇప్పుడు లేదు. మధ్యాహ్నానికి రావచ్చు."

అంతలో పెనం మీంచి పొగ లేచింది. పొగ వస్తే మోగే గోడ మీది గంట కీచుమని అరవడం మొదలుపెట్టింది. రాయిస్ విసుక్కుంటూ కుర్చీ ఎక్కి, దాని బ్యాటరీ ఊడబీకి చొక్కా జేబులో పడేసుకున్నాడు.

"రొట్టె ఎర్రబడితే అరుస్తుంది, మాంసం వేగితే అరుస్తుంది. అచ్చం నీలాగే. నిజంగా ఇల్లు అంటుకున్ననాడు దీని మాట ఎవరు వింటారు?"

"మళ్ళీ పెట్టెయ్యి రాయిస్. మర్చిపోతావు."

"పెడతాలే. ముందు తిననీ."

వెర్నా పెనం దించింది. తన భయాల సంగతి తనకి తెలుసు. కూతురు షెల్బీ చిన్నప్పుడు స్కూలు బస్సు కాస్త ఆలస్యమైతే నది వంతెన దాకా నడిచి వెళ్ళి, వంగి నీళ్ళలోకి చూసేది. అదే సంగతి చెప్పి షెల్బీ ఇప్పటికీ అందరినీ నవ్విస్తుంది.

నవ్వించేది అనాలేమో. ఈమధ్య ఆ పిల్ల ఇంటికి వచ్చిందే తక్కువ. నిశ్చితార్థం అయ్యాక లెక్సింగ్‌టన్‌లో బ్రెంట్ ఇంటికి మారింది. క్రిస్మస్‌కి వస్తానని చెప్పి, ఫ్లూ జ్వరమని రాలేదు. ఈస్టర్‌కి తను పనిచేసే పళ్ళ డాక్టరు దగ్గర సెలవు దొరకలేదంది. ఆదివారం సాయంత్రం తప్పకుండా వచ్చే ఫోను కూడా ఒక్కోవారం వచ్చేది కాదు. వెర్నాకి గుండె గుబగుబలాడేది. మరుసటి వారం ఫోనులో షెల్బీ నవ్వేది. "ఏంటమ్మా, మళ్ళీ వంతెన దాకా నడిచావా?" ఆ నవ్వు విని వెర్నా తన తల తానే మొట్టుకునేది. పెళ్ళి ఇంకో నెలలో ఉంది. అబ్బాయి కార్ల షోరూములో మేనేజరు. చర్చిలో ఆడవాళ్ళంతా ఎంత మర్యాదస్తుడో అని మెచ్చుకున్నారు. ఇంకా భయమేమిటి?

వాన పడలేదు. దారిలో ఏమీ కాలేదు. నది పక్క హోటలు ముందు కారు ఆపి, బ్రెంట్ తనే దిగి వచ్చి వెర్నా వాళ్ళ కారు తలుపు తీశాడు. చేతిలో పువ్వుల గుత్తి పెట్టి, అక్కడి మర్యాద ప్రకారం పేరుకి 'మిస్' చేర్చి పలకరించాడు.

"హ్యాపీ మదర్స్ డే, మిస్ వెర్నా. మీరు రోజురోజుకీ చిన్నవాళ్ళయిపోతున్నారు."

"నన్ను చూసి ఆ మాట ఎవరూ అనరేం?" అన్నాడు రాయిస్. అందరూ నవ్వారు.

షెల్బీ వచ్చి తల్లిని వాటేసుకుంది. ఎప్పుడూ చేసేలాగ ఒక్కసారి అదిమి వదల్లేదు. పట్టుకుని అలాగే ఉండిపోయింది. మెడ దగ్గర తల పెట్టి, "వేయించిన మాంసం వాసన వేస్తున్నావమ్మా," అంది. వెర్నా చేతికి వీపు మీది ఎముకలు తగిలాయి. పెళ్ళి గౌను కోసం కడుపు మాడ్చుకుంటోందేమో అనుకుంది. అనుకుని, తన మాట తానే నమ్మలేకపోయింది.

లోపల జనం కిటకిటలాడుతున్నారు. గుమ్మం దగ్గర ప్రతి తల్లికీ ఒక ఎర్రటి కార్నేషన్ పువ్వు ఇస్తున్నారు. చాలాసేపు నిలబడ్డాక కిటికీ పక్క బల్ల దొరికింది. వడ్డించే ఆవిడ పేరు డీ. నడివయసు మనిషి, మణికట్టుకి పట్టీ కట్టుకుని ఉంది. అరడజను బల్లలు ఆవిడ ఒక్కర్తే చూస్తున్నట్టుంది. చెమట తుడుచుకుంటూ వచ్చి, "ఆలస్యమైంది బంగారాలూ, ఏమనుకోకండి. ఇవాళ ఊళ్ళో ఒక్క అమ్మా వంట చెయ్యట్లేదు," అంది.

బ్రెంట్ నవ్వలేదు. పర్సు తీసి, అయిదు ఒక్క డాలరు నోట్లు బల్ల అంచున విసనకర్రలాగ పరిచాడు. ఒక్కొక్కటీ సమానంగా కనపడేలా వేలితో సర్దాడు.

"ఇది నీ టిప్పు. ఇప్పటికి మొత్తం నీదే. తప్పు జరిగినప్పుడల్లా ఒకటి వెనక్కి వస్తుంది. ఎంత మిగుల్చుకుంటావో నీ చేతిలో ఉంది."

డీ ఆ నోట్ల వంక చూసింది. "సరే సార్," అని వెళ్ళిపోయింది.

"ఓరి నీ దుంప తెగ!" అన్నాడు రాయిస్ పకపకా నవ్వి. "ఇన్నాళ్ళూ నాకీ ఉపాయం తట్టలేదే!"

"అది ఆవిడ కూలి, రాయిస్," అంది వెర్నా మెల్లిగా. "హోటలు వాళ్ళిచ్చే జీతం పేరుకే. మనం బల్ల మీద వదిలేదే వాళ్ళ తిండి."

"తప్పు చెయ్యకపోతే పైసా తగ్గదు కదా మిస్ వెర్నా," అన్నాడు బ్రెంట్ తియ్యగా. "న్యాయమే కదా?"

పెళ్ళికి ముందు వెర్నా హైవే మీద లారీల హోటల్లో ప్లేట్లు మోసింది. ఇలా నోట్లు పరిచే మనుషులు అక్కడా అప్పుడప్పుడూ వచ్చేవాళ్ళు. వాళ్ళ ముఖాలు ఒక్కటీ గుర్తులేవు. గుర్తుండవు కూడా. ఆ బల్లకి వడ్డించేటప్పుడు మనిషి ముఖం కనపడదు, చెయ్యే కనపడుతుంది. ఆ చెయ్యి కదిలితే ఎంత తగ్గిందో లెక్క వేసుకోవాలి. రాని నవ్వు తెచ్చుకుని నవ్వాలి.

తీపి టీ చెబితే చప్ప టీ వచ్చింది. బ్రెంట్ మాట్లాడుతూనే ఒక నోటు తీసి జేబులో పెట్టుకున్నాడు. మొక్కజొన్న రొట్టె ఆలస్యమైంది. ఇంకో నోటు. రాయిస్ చేపల సంగతి చెబుతున్నాడు, బ్రెంట్ శ్రద్ధగా వింటున్నాడు. వెర్నా షెల్బీ వంక చూసింది.

షెల్బీ ఏమీ తినడం లేదు. తండ్రి కబుర్లు వినడం లేదు. ఆ పిల్ల కళ్ళు మిగిలిన నోట్ల మీదే ఉన్నాయి.

డీ ప్లేట్లు తెచ్చి పెట్టింది. చిక్కుళ్ళలో ఉల్లిపాయ వద్దని బ్రెంట్ రెండుసార్లు చెప్పాడు, అయినా పైనే ఉల్లి ముక్కలు కనిపిస్తున్నాయి. బ్రెంట్ ముఖం రాయిస్ వైపు ఉంది. వెర్నా చూస్తుండగానే షెల్బీ చెంచా అతని ప్లేటులోకి వెళ్ళింది. చప్పుడు లేకుండా ఉల్లి ముక్కలన్నీ తన ప్లేటులోకి తోడేసుకుని, పైన గుజ్జు బంగాళాదుంప కప్పేసింది. అతను ఇటు తిరిగేసరికి చెంచా యథాస్థానంలో ఉంది.

అంత వేగం ఒక్కరోజులో రాదు. అది అలవాటైన చెయ్యి.

'నేనే ఏదో ఊహించుకుంటున్నాను. ఎప్పటిలాగే,' అని సర్దిచెప్పుకుంది. కానీ కళ్ళు షెల్బీ చెంచా మీంచి తిప్పుకోలేకపోయింది.

డీ టీ నింపడానికి వచ్చింది. పట్టీ కట్టిన చెయ్యి వణికి, బల్ల గుడ్డ మీద కాసిన్ని చుక్కలు పడ్డాయి. డీ చూసుకోలేదు. షెల్బీ తన నాప్కిన్ తీసి, ఏమీ జరగనట్టు ఆ తడి మీద పరిచింది. పరిచాక, ఊపిరి ఉగ్గబట్టి కూర్చుంది. తడి మెల్లిగా గుడ్డలోంచి పైకి ఊరింది.

బ్రెంట్ ఒక వేలితో నాప్కిన్ ఎత్తి చూశాడు. నవ్వాడు.

"షెల్బీ, దాచావే?"

రెండు నోట్లు తీశాడు. "ఒకటి ఆవిడ తప్పుకి. ఒకటి నీ తప్పుకి."

రాయిస్ నవ్వబోయి, ఎందుకో మధ్యలోనే ఆపేశాడు.

"సారీ," అంది షెల్బీ. చిన్న గొంతు. ఎనిమిదేళ్ళప్పుడు కూడా ఆ పిల్ల తల్లితో అలా మాట్లాడలేదు. గుమ్మాలు దద్దరిల్లేలా అరిచి, తలుపులు దడాల్న వేసిన పిల్ల అది.

బల్ల అంచున ఒక్క నోటు మిగిలింది.

"యాపిల్ పై తీపి ఇంకా రాలేదు, ఏమైందో చూసొస్తాను. వీళ్ళ మేనేజరుతో ఒక మాట చెప్పాలి," అని బ్రెంట్ లేచాడు. వెళుతూ షెల్బీ భుజం మీద చెయ్యి వేశాడు. చూసేవాళ్ళకి ముద్దుగా ఉంటుంది. ఆ చెయ్యి కింద షెల్బీ భుజం బిగుసుకుపోవడం వెర్నాకి కనిపించింది.

అతను కౌంటరు దగ్గరికి చేరాడు. అతని వీపు కనిపిస్తోంది. ఎంతసేపు మాట్లాడతాడో తెలియదు. వెర్నా చెయ్యి చాచి ఆ ఆఖరి నోటు మీద అరచెయ్యి మూసింది.

"వెర్నా, వద్దు. గొడవ చెయ్యకు," అన్నాడు రాయిస్.

"షెల్బీ, ఇంట్లో కూడా ఇలాగే చేస్తాడా?"

"అమ్మా, మళ్ళీ మొదలుపెట్టకు." షెల్బీ కళ్ళు కౌంటరు వైపు పరుగెత్తాయి. "ఇవాళ నీ పండగ. హాయిగా ఉండు. ప్లీజ్. ఆ చెయ్యి తియ్యి."

"తియ్యను."

"తియ్యమ్మా! చూస్తాడు!"

చూస్తే ఏమవుతుంది? ఒక్క డాలరు కోసం ఈ పిల్ల ముఖంలో ఇంత నెత్తురు ఎందుకు ఇంకిపోవాలి?

"నాకు అన్నిటికీ భయమే," అంది వెర్నా. "వానొస్తే భయం, బస్సు రాకపోతే భయం. మీరు నవ్వితే నేనూ నవ్వాను. ఇదీ అలాంటిదే అయితే చెప్పు, ఇక పెళ్ళి దాకా నోరెత్తను. కానీ నేనూ ఇలాంటి బల్లలకి వడ్డించానే అమ్మలూ. వడ్డించే మనిషి చూపు నాకు తెలుసు. ఇవాళ ఆ చూపు డీ ముఖంలో లేదు, నీ ముఖంలో ఉంది. నువ్వు అతని బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నదానిలాగ లేవు. ఇంట్లో కూడా లెక్కపెడతాడా? లేదని ఒక్క మాట అను. ఇంకెప్పుడూ అడగను."

షెల్బీ తడి నాప్కిన్ అంచు మడతలు పెట్టసాగింది.

పక్క బల్ల దగ్గర ఎవరో ముసలావిడకి పువ్వు పెట్టి ఫోటో తీస్తున్నారు. వంటింట్లో ప్లేట్లు ఖణేల్మన్నాయి. ఎక్కడో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. షెల్బీ పెదవులు కదిలాయి, మళ్ళీ మూసుకున్నాయి. లేదు అనలేదు. వెర్నా ప్రాణమంతా ఆ 'లేదు' కోసం ఎదురుచూస్తోంది. ఎన్నడూ లేనిది, తన భయం తప్పవ్వాలని, అందరూ తనని చూసి పడీపడీ నవ్వాలని దేవుణ్ణి వేడుకుంటోంది.

రాయిస్ కూతురి ముఖంలోకి చూశాడు. అతని చెయ్యి ఎందుకో చొక్కా జేబు మీదికి పోయింది. పొద్దున వేసుకున్న బ్యాటరీ ఇంకా అందులోనే ఉంది.

బ్రెంట్ తిరిగి వచ్చాడు. వెనకాల డీ ముఖం వేలాడేసుకుని బిల్లు పట్టుకుని నిలబడింది.

"యాపిల్ పై మనకి ఉచితం. కారులో తిందాం. లే షెల్బీ." బల్ల వంక చూసి ఆగాడు. "మిస్ వెర్నా, మీ చెయ్యి నా నోటు మీద ఉంది."

"ఇది ఆవిడది."

"ఆవిడకి దక్కలేదు."

"ఆవిడదే," అంది వెర్నా. ఈ మనిషితో ఈ పిల్ల రెండు గంటలు కారులో ఒంటరిగా వెళ్ళాలి. ఇంటికి వెళ్ళాక తలుపు వేసుకుంటారు. తను ఇప్పుడు చేస్తున్నదానికి అక్కడ ఎవరు మూల్యం చెల్లించాలో ఆమెకి తెలిసిపోయింది. అయినా చెయ్యి ఎత్తితే ఈ పిల్లని మళ్ళీ చూడననిపించింది. చెయ్యి ఎత్తలేదు.

బ్రెంట్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "షెల్బీ, మీ అమ్మకి నువ్వు చెప్పు."

షెల్బీ లేవలేదు. బల్ల మీద తల్లి చేతిని చూస్తోంది. పట్టీ కట్టిన డీ చెయ్యిలాగే అదీ గజగజా వణుకుతోంది. అయినా అక్కడే ఉంది.

"షెల్బీ," అన్నాడు బ్రెంట్ మళ్ళీ. ఈసారి గొంతులో నవ్వు లేదు.

రాయిస్ కుర్చీ వెనక్కి జరిపాడు. అంత పొడుగు మనిషి మెల్లిగా లేచి, ఏమీ అనకుండా, కూతురి కుర్చీకీ ఆ అబ్బాయికీ మధ్య నిలబడ్డాడు.

తరవాత షెల్బీ తన చెయ్యి తెచ్చి తల్లి చేతి మీద పెట్టింది. మంచులా ఉంది ఆ చెయ్యి.

"నోట్లు కాదమ్మా," అంది.

బ్రెంట్ ఏదో అనబోయాడు. షెల్బీ అటు చూడలేదు.

"ఇంట్లో నోట్లు పెట్టడు. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం బిళ్ళలు పెడతాడు. వారం మొదట్లో అయిదు. కూరలో ఉప్పు తగ్గితే ఒకటి తీసేస్తాడు. ఫోను ఎత్తడం ఆలస్యమైతే ఒకటి. అన్నీ అయిపోతే నీకు ఫోను చెయ్యకూడదు, నీ దగ్గరికి రాకూడదు. క్రిస్మస్ వారం ఒక్కటీ మిగల్లేదు. నాకు ఫ్లూ రాలేదమ్మా. ఈస్టర్‌కి సెలవు దొరికింది." ఊపిరి తీసుకుంది. కన్నీళ్ళు గడ్డం దాకా జారాయి, తుడుచుకోలేదు. "ఈ వారం ఎంత జాగ్రత్తగా ఉన్నానో తెలుసా? ఒకటి మిగిలింది. అందుకే నిన్ను చూడనిచ్చాడు. నన్ను మనింటికి తీసుకుపో అమ్మా."