లెక్క చెప్పని మొక్కు

అమెరికాలోని నోవైలో రాత్రంతా మంచు కురుస్తూనే ఉంది. పొద్దున్నే దమయంతి ఉప్మాకి పోపు పెడుతుండగా టప్పున కరెంట్ పోయింది. పొయ్యి ఆరిపోయినా, హీటర్ ఆగిపోయినా ఎలాగో సర్దుకోవచ్చు. మరి పాము సంగతో?

లోకంలో పిల్లలు కుక్క కావాలంటారు, పిల్లి కావాలంటారు. ఆమె కొడుకు అక్షయ్ ఏరికోరి కొండచిలువ పిల్లని తెచ్చుకున్నాడు. పేరు బుజ్జి. గాజుపెట్టెలో ఒక పక్క తొంభై డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, అరవై శాతం తేమ ఉండాలట. స్కూల్ వాళ్ళతో స్కీయింగ్‌కి వెళ్తూ మరీ మరీ చెప్పాడు.

"చల్లబడితే చచ్చిపోతుంది మమ్మీ. పవర్ పోతే నీ పొట్టకి పెట్టుకో. ప్రామిస్?"

ఏం చేస్తుంది, ప్రామిస్ చేసింది.

సాయంత్రానికి ఇంట్లో ఎముకలు కొరికే చలి. మాట్లాడితే ఆమె నోట్లోంచీ, అత్తగారు శేషమ్మ నోట్లోంచీ తెల్లగా ఆవిరి వస్తోంది. పెట్టెలో వేడి చూపించే బ్యాటరీ మీటర్ యాభై డిగ్రీలకి దిగింది. బుజ్జి ఉండచుట్టుకుని కదలడం మానేసింది. దమయంతి మూత తీసి చెయ్యి పెట్టబోయింది. అమ్మో! తాకడమే! చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. ఇంకాసేపట్లో వచ్చే కొడుక్కి ఏం చెప్పాలో తెలీక ఏడుపు తన్నుకొచ్చింది.

"నాగేంద్రస్వామీ, నా ఒంట్లో వేడి తీసుకో. దీన్ని బతికించు."

దుప్పట్లో ముడుచుకున్న శేషమ్మ ఉలిక్కిపడింది. "ఎంత?" అంది గొంతు తగ్గించి.

"ఏంటత్తయ్యా?"

"కొబ్బరికాయ మొక్కినా ఒకటో, రెండో లెక్క చెప్తాం కదే. ఎంత వేడో చెప్పావా?"

అంత దిగుల్లోనూ దమయంతికి నవ్వొచ్చింది.

అప్పుడే మీటర్ కదిలింది. అరవై... డెబ్భై... తొంభై. ఇంట్లో ఒక్క దీపమూ వెలగలేదు. తడిమట్టి వాసన గుప్పుమంది. దమయంతి నాలుక పిడచకట్టుకుపోయింది. వేళ్ళు కొయ్యబారాయి. గాజుకి ఆవిరి పట్టింది... కరిగింది... మళ్ళీ పట్టింది. ఆమె ఊపిరి వదిలినప్పుడల్లా.

ఊపిరి బిగబట్టింది. ఆవిరి ఆగింది.

"చాలు స్వామీ... చాలు..."

"ఇచ్చింది వెనక్కి అడక్కూడదమ్మా," అంది శేషమ్మ ఏడుస్తూ.

తలుపు తెరుచుకుంది. అక్షయ్ మంచు దులుపుకుంటూ పెట్టె దగ్గరికి పరిగెత్తాడు. బుజ్జి తల ఎత్తి నాలుక ఆడిస్తోంది.

"యు డిడ్ ఇట్ మమ్మీ!" అంటూ వచ్చి వాటేసుకున్నాడు. వెంటనే చేతులు తీసేసి వెనక్కి జరిగాడు. వాడి నోట్లోంచి ఆవిరి వస్తోంది. నానమ్మ నోట్లోంచీ వస్తోంది.

"మమ్మీ... నీకెందుకు రావట్లేదు?"

ఏం లేదు నాన్నా అందామని దమయంతి నోరు తెరిచింది.

వాడి వెనకాల గాజుపెట్టె తెల్లగా మసకబారింది.